నికనోరా మానేసిన సిగరెట్టు

నికనోరా తన యాభై ఎనిమిదేళ్ల జీవితంలో ఒక్క సిగరెట్టూ ముట్టించలేదు. అయినా సాన్ బ్రౌలియో చర్చిలో, గ్వాదలూపె మాత పటం ముందు మోకరిల్లి, ఏడాది పాటు సిగరెట్టు ముట్టనని ప్రమాణం చేసి మరీ మానేసింది. అలవాటు లేని పని మానేయడం సులువే కదా అనుకునేవాళ్లు ఆ ఉదయం ఆమె మొహం చూసి ఉండరు.

మా ఊళ్లో మగవాడు తాగుడు మానేది డాక్టరు చెబితే కాదు, పెళ్లాం ఏడిస్తే కాదు, పోలీసులు పట్టుకుపోతే అసలే కాదు. ఆదివారం పూజ అయ్యాక మాత ఎదుట నిలబడి, ఇన్నాళ్లు ముట్టనని మా చర్చి ఫాదర్ ఎవరిస్తో గారి ముందు ప్రమాణం చేస్తేనే మానతాడు. ఫాదర్ ఒక చిన్న మాత బొమ్మ కాగితం వెనక గడువు రాసి ఇస్తారు. అది జేబులో ఉన్నంతకాలం ఊళ్లో ఎవరూ అతనికి గ్లాసు అందించరు. అందిస్తే పాపం అందించినవాడిదే. గడువు తీరిన మర్నాడు ఏం జరుగుతుందన్నది వేరే సంగతి, దానికి ఊరంతా ముందే సిద్ధపడి ఉంటుంది. ఈ ఏర్పాటు తాతల నాటి నుంచి ఏ గొడవా లేకుండా నడుస్తోంది. అటువంటి వరసలో ఒక ఆడమనిషి నిలబడటం, అందునా రొట్టెల నికనోరా నిలబడటం, అంతవరకూ ఎవరూ ఎరగరు.

ఆమెను రొట్టెల నికనోరా అనడం మర్యాదకే. మొక్కజొన్న రొట్టె ఊళ్లో ప్రతి ఇంట్లోనూ కాలుస్తారు. కానీ పెళ్లయినా, దినమైనా, ఊరి పండగైనా గంప వెళ్లేది ఆమె ఇంటి నుంచే. కోడి కూయకముందే లేచి, సున్నపు నీళ్లలో నానిన గింజలు కడిగి, రుబ్బి, మూడు రాళ్ల పొయ్యి మీద మట్టి పెనం పెట్టి, దాని ముందు కురచ పీట వేసుకుని కూర్చునేది. వంటిల్లు పెరట్లో ఉంటుంది. దానికి తలుపు ఉంది, కిటికీ లేదు. కిటికీ ఉంటే పొయ్యికి గాలి తగిలి మంట చెదురుతుందని ఆ ఇల్లు కట్టినవాళ్ల అభిప్రాయం. వాళ్లు చాలా ఆలోచించి కట్టారు, మనుషులకు కూడా గాలి అవసరమన్న విషయం ఒక్కటే వాళ్ల ఆలోచనకు అందలేదు. మేయరు గారూ, ఫాదర్ గారూ జన్మలో ఏకీభవించిన సంగతి ఏదైనా ఉంటే అది నికనోరా రొట్టె గురించే. దానికి పొగ వాసన ఉంటుందని ఇద్దరూ కళ్లు మూసుకుని మెచ్చుకునేవారు.

ఆ పొగ సరఫరా చేసేవాడు ఆమె భర్త మకారియో. వయసులో ఉన్నప్పుడు కంచర గాడిదలు తోలేవాడు. ఆ తర్వాత కొండ మీద ఎండిన ఓక్ చెట్లు చూసి కొట్టుకొచ్చి, చీల్చి, పెరట్లో గోడలా పేర్చి ఎండబెట్టడం అతని వృత్తి, భక్తి, కాలక్షేపం. కట్టెల గురించి అతనికో సిద్ధాంతం ఉంది. సరిగ్గా ఎండిన ఓక్‌కు పొగ రాదు. వస్తే అది పొయ్యి తప్పు, లేదా పొయ్యి ముందు కూర్చున్న ఆడదాని తప్పు. ఈ సిద్ధాంతాన్ని అతను కల్లు దుకాణంలో ఎన్నోసార్లు నిరూపించాడు. వంటింట్లో మాత్రం ఎన్నడూ నిరూపించలేదు, ఎందుకంటే అన్నం పెట్టే వేళకు గుమ్మం దాకా వచ్చేవాడే తప్ప లోపలికి వెళ్లేవాడు కాదు.

ఆయాసం నికనోరాకు చర్చి ఎత్తు ఎక్కేటప్పుడు మొదలైంది. పది అడుగులు వేసి ఆగాల్సి వచ్చేది. ఊరికే ఆగితే నలుగురూ చూస్తారని, దారిలో ప్రతి ఇంటి ముందూ నిలబడి పూలకుండీలు మెచ్చుకోవడం మొదలుపెట్టింది. కుండీల యజమానులు చాలా సంతోషించారు. ఒక ఇంటి ముందున్న కుండీలో ఎండిన పుల్ల ఒక్కటే ఉంది. దాన్నీ చాలాసేపు మెచ్చుకుంది. ఆ ఇల్లు మకారియో అక్క ఒబ్దూలియాది. ఒబ్దూలియా గడపలోంచే ఆమెను ఎగాదిగా చూసి, మర్నాడు రెక్క పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి లాక్కుపోయింది.

అక్కడి డాక్టరు ఇత్సెల్ అనే అమ్మాయి. చదువు పూర్తికాగానే పల్లెలో ఏడాది పని చేయాలన్న నిబంధన కింద వచ్చింది. చూడటానికి బడిపిల్లలా ఉంటుంది కనుక ఊరి పెద్దలు ఆమె చెప్పింది శ్రద్ధగా విని, నవ్వి, ఇంటికి వెళ్లిపోయేవారు. ఆమె నికనోరా చేతికి ఒక గొట్టం ఇచ్చి, ఊపిరంతా ఖాళీ అయ్యేదాకా ఊదమంది. యంత్రంలో ఒక గీత పడింది. కొండెక్కాల్సిన గీత మిట్ట దగ్గరే కూలబడింది. మళ్లీ ఊదించింది. మళ్లీ అంతే.

డాక్టరు తలుపు వేసి అంతా వివరంగా చెప్పింది. ఊపిరితిత్తుల్లో గొట్టాలు ఇరుకైపోయాయి. చెడినంత మేర బాగుపడదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు. దానికి పొద్దునా రాత్రీ పీల్చాల్సిన మందొకటి, ఉన్నట్టుండి ఆయాసం కమ్ముకుంటే పీల్చాల్సిన మందింకొకటి ఉన్నాయి. మందు గొంతులోనే ఆగిపోకుండా లోపలికి దిగడానికి ప్లాస్టిక్ డబ్బా లాంటిది ఒకటి తగిలించుకోవాలి. పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదలడం నేర్చుకోవాలి, రోజూ కొంచెం కొంచెంగా నడక పెంచాలి, చలికాలానికి ముందు టీకాలు వేయించుకోవాలి. రక్తంలో ప్రాణవాయువు ఇంకా తగ్గితే ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టాలి. అది పెట్టిన గదిలో నిప్పన్నదే ఉండకూడదు. కొందరికి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ కూడా చేస్తారు, ఈమెకు అంత అవసరం రాకపోవచ్చు. ఇన్నీ చెప్పి, చివరికి అసలు మాటకు వచ్చింది.

“ఇది మీ వంటింటి పొగ చేసిన పనమ్మా. నేను ఎన్ని మందులిచ్చినా మళ్లీ వెళ్లి ఆ పొయ్యి ముందే కూర్చుంటే ఉపయోగం లేదు.”

నికనోరా శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ విన్నది. తర్వాత అడిగింది ఒక్కటే.

“ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పకండి డాక్టరమ్మా.”

రోగి గుట్టు కాపాడటం తన ధర్మమని డాక్టరు మాటిచ్చింది. పాపం, మంచి ఉద్దేశంతోనే ఇచ్చింది.

బయటికి వస్తుంటే నర్సు మందులతో పాటు ఒక కాగితం చేతిలో పెట్టింది. ఆ జబ్బుకు సంబంధించి కేంద్రంలో ఉన్న కాగితం అదొక్కటే. దాని మీద నల్లగా మాడిన ఊపిరితిత్తుల జత, వాటి పైన తుపాకి అంత సిగరెట్టు, సిగరెట్టు మీద ఎర్రటి ఇంటూ గుర్తు ఉన్నాయి. పొయ్యి బొమ్మ ఎక్కడా లేదు. రాజధానిలో కూర్చుని ఆ బొమ్మ గీసినవాళ్లకు రొట్టె కాగితంలో చుట్టి అంగట్లో దొరుకుతుంది కాబోలు. బెంచీ మీద కూర్చున్న ఒబ్దూలియాకు చదువు రాదు. ఆ కాగితానికి చదువుతో పని లేదు.

సాయంత్రానికి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఈ జబ్బు అంతకుముందు మా ఊళ్లో ఒకే ఒక్కడికి వచ్చింది. మంగలి అబుందియో. కత్తెర ఒక చేత, సిగరెట్టు ఇంకో చేత పట్టుకుని ఊరందరి తలల మీద బూడిద రాల్చి పోయినవాడు. అబుందియోకు వచ్చిన జబ్బే నికనోరాకు వచ్చిందంటే, అబుందియో చేసిన పనే నికనోరా చేసి ఉండాలి కదా. ఆ ఒక్క మెట్టు ఎక్కాక మిగతా సాక్ష్యాలు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. ఆమె గొంతు బొంగురు. ఆమె బట్టలు పొగ వాసన. ఆమె అగ్గిపెట్టెలు కట్టలకొద్దీ కొంటుంది. పొద్దున్నే తలుపు మూసుకుని ఆ చీకటి కొట్లో ఒంటరిగా కూర్చుంటుంది. ఇన్నేళ్లూ కళ్ల ముందే జరుగుతున్నా పసిగట్టలేకపోయామే అని ఊరు ఊరంతా తన అమాయకత్వానికి తానే నొచ్చుకుంది.

మగవాడు సిగరెట్టు కాలిస్తే మా ఊళ్లో అది అలవాటు. ఆడది కాలిస్తే అది మొగుడి చేతకానితనం. మకారియోకు ఈ సంగతి కల్లు దుకాణంలో తెలిసింది. గాడిదలు తోలే పాత స్నేహితుడు ఒకడు, ఇక నుంచి ఇంట్లో నిప్పు అడగాలంటే నీ పెళ్లాన్నే అడగాలి కాబోలు బావా అన్నాడట. మకారియో గ్లాసు కింద పెట్టి ఇంటికి వచ్చేశాడు. వచ్చి ఇల్లంతా వెతికాడు. పరుపు కింద, గింజల గాదెలో, మాత పటం వెనక, చివరికి కోళ్లగూట్లో కూడా వెతికాడు. కోళ్లు ఎంతో అభ్యంతరం తెలిపాయి. ఒక్క పీక దొరకలేదు. దొరకకపోవడంతో ఆమె ఎంత జాగ్రత్తగా దాస్తోందో అతనికి అర్థమైంది.

అతను ఆమెను కొట్టలేదు, అరవలేదు. గుమ్మంలో నిలబడి, తల దించుకుని, ఎప్పట్నుంచీ అని మాత్రం అడిగాడు.

నికనోరా చెప్పేసి ఉండొచ్చు. పెరట్లోకి చూసింది. అతను వానాకాలానికని చీల్చి పేర్చిన ఓక్ కట్టెలు గోడ ఎత్తున, అంచులు సమంగా, చూడముచ్చటగా ఉన్నాయి. కొండ మీద ఎవరికీ దొరకని చెట్టు తనకు దొరికిందని అతను వచ్చి చెప్పిన రోజులు ఆమెకు గుర్తున్నాయి. నీ కట్టెలే నన్నింత చేశాయి అనాలంటే ఆమెకు నోరు రాలేదు. ఇంకో సిగ్గు కూడా ఉంది. వీధిలో ప్రతి ఆడదీ అదే పొయ్యి ముందు కూర్చుంటోంది, నీకొక్కదానికే ఎందుకొచ్చిందమ్మా అంటే ఏం చెప్పాలి. వంట చేసి జబ్బుపడ్డాననడం కంటే, నడిచి కాలు అరిగిపోయిందనడం నయం. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని మకారియో తనకు అర్థమైనట్టు అర్థం చేసుకున్నాడు.

ఆ తర్వాతి ఏర్పాట్లన్నీ ఒబ్దూలియా చూసింది. తమ్ముడి పరువు నిలబడాలంటే ఒకటే దారి. వచ్చే ఆదివారమే ప్రమాణం. నికనోరా ఒకసారి మాత్రం ఎదురు చెప్పబోయింది.

“వదినా, నేను కాల్చలేదు.”

“తాగనివాడెవడూ ఇంతవరకు ఆ వరసలో నిలబళ్లేదే తల్లీ. అందరూ ఈ మాటే చెప్పి వెళ్లారు. వెళ్లొచ్చాక వాళ్ల ప్రాణమే హాయిగా ఉంది.”

ఆదివారం నికనోరా వరసలో నిలబడింది. ముందూ వెనకా రాత్రి తాగింది ఇంకా దిగని మగవాళ్లు. వాళ్లు మర్యాదగా జరిగి చోటిచ్చారు. ఆ మర్యాదే ఆమె భరించలేకపోయింది. తన వంతు వచ్చాక ఆమె మాత వైపు చూడలేదు, మాత పాదాల కింద చంద్రవంక వైపు చూసింది. ఏడాది అంది. ఎంత మెల్లగా అందంటే ఫాదర్ ఎవరిస్తో రెండోసారి అడగాల్సి వచ్చింది. చేయని తప్పు ఒప్పుకుని, మాత ఎదుట అబద్ధం ఆడానన్న తప్పు కొత్తగా నెత్తికెత్తుకుని ఆమె ఇంటికి వచ్చింది. అంటే ప్రమాణానికి వెళ్లేటప్పుడు ఆమెకు పాపం లేదు, వచ్చేటప్పుడు ఉంది.

ఇక ఊరు తన బాధ్యత తాను నెరవేర్చింది. ప్రమాణం చేసిన మనిషిని శోధనలో పడేయకూడదన్నది మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నికనోరా వీధిలో వస్తుంటే మగవాళ్లు గబుక్కున సిగరెట్లు నేలకేసి తొక్కేవారు. కొందరు కొత్తగా ముట్టించినవి కూడా తొక్కేశారు, ఆ త్యాగాన్ని చూపు ద్వారా ఆమెకు తెలియజేశారు కూడా. గట్టిగా ఉండమ్మా, మొదటి నెల కష్టం, తర్వాత అలవాటైపోతుంది అని ధైర్యం చెప్పేవారు. రొట్టెల కోసం వచ్చినవాళ్లు ఆమె వాకిట్లో సిగరెట్టు ఆర్పి, చేతులు దులుపుకుని, భక్తిగా వంటింట్లోకి వచ్చి పొయ్యి ఊదుతున్న ఆమె పక్కన నిలబడి, కమ్ముకున్న పొగలో కళ్లు తుడుచుకుంటూ, ఇప్పుడు ఊపిరి ఎలా ఉంది అని పరామర్శించేవారు.

ఆమె బాగుంది అనేది.

బాగా లేదు. మందు వాడటం కూడా దొంగతనమైపోయింది. నలుగురిలో ఆ డబ్బా తీస్తే జబ్బు గుర్తుకొస్తుంది, జబ్బు గుర్తుకొస్తే సిగరెట్టు గుర్తుకొస్తుంది. అందుకని మిరపకాయల కుండలో దాచి, ఆయాసం కమ్ముకుంటే గాదె వెనక్కి వెళ్లి పీల్చుకునేది. మిరపకాయల ఘాటు అంటిన మందు ఊపిరితిత్తులకు ఎంత మేలు చేసిందో చెప్పలేను. ఆమె మాటిమాటికీ గాదె వెనక్కి వెళ్లడం ఒబ్దూలియా గమనించి తమ్ముడికి చెప్పింది. ప్రమాణం అప్పుడే తప్పుతోందని. మకారియో ఆ రోజు నుంచి కొండకు వెళ్లేటప్పుడు గొడ్డలి భుజాన వేసుకుని, మొహం దాచుకుని వెళ్లేవాడు. రాత్రిళ్లు ఆమె గోడకానుకుని కూర్చునే నిద్రపోవడం చూసి, పశ్చాత్తాపం కాబోలు అనుకున్నాడు.

ఊరి పండగ రెండు వారాల్లో ఉందనగా డాక్టరు ఇత్సెల్ ఇంటికి వచ్చింది. రెండోసారి కేంద్రానికి వెళ్లి గొట్టం ఊదినప్పుడు నికనోరా గీత మరింత కిందికి జారింది. ఎందుకో చూడాలని ఆమె వచ్చింది. మకారియో పెరట్లో పండగ పొయ్యి కోసం కట్టెలు తడి ఉందో లేదో ఒకదానికొకటి కొట్టి చప్పుడు వింటున్నాడు. డాక్టరును చూసి టోపీ తీసి, ఇంత చిన్నపిల్ల ముందు ఈ సంగతి మాట్లాడాల్సి రావడం ఎంత తలవంపో మొహంలో కనిపిస్తుండగానే, ఆవిడ ప్రమాణం నిలబెట్టుకుంటోందనే అనుకుంటున్నానండీ, ఇంట్లో ఒక్క సిగరెట్టూ దొరకలేదు అని విన్నవించాడు.

ఏ సిగరెట్టు అని అడగబోయి డాక్టరు ఆగింది. వంటింటి తలుపులోంచి పొగ చూరు దాకా లేచి, పెంకుల సందుల్లోంచి దారి వెతుక్కుంటోంది. లోపల నికనోరా దగ్గుతోంది.

“ఆవిడకు నేనొక మాటిచ్చాను మకారియో గారూ. అందుకని నేనేమీ చెప్పలేను. మీరు లోపలికి వెళ్లి ఆవిడ పక్కన కూర్చోండి. ఆ రొట్టెల గంప నిండేదాకా లేవకండి.”

మకారియో ఆ వంటింట్లో కూర్చోవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. మగవాడికి అక్కడ పీట కూడా లేదు. రుబ్బురాయి పక్కన గొంతుక్కూర్చున్నాడు. నికనోరా ఆశ్చర్యంగా చూసింది గానీ చేయి ఆపలేదు. అరచేతుల మధ్య పిండి ఉండ తట్టి, వెడల్పు చేసి, పెనం మీద వేసి, వంగి పొయ్యి ఊది, మళ్లీ ఉండ అందుకుంటోంది. అతనికి ముందు కళ్లు మండాయి. తర్వాత ముక్కు. తర్వాత గొంతులో గొంగళిపురుగు పాకినట్టయింది. లేవబోయాడు, డాక్టరు మాట గుర్తొచ్చి కూర్చున్నాడు. తల పైకెత్తితే దూలాలు కనిపించాయి. తారు పూసినట్టు నల్లగా, మెరుస్తూ ఉన్నాయి. ఆ నలుపు అతనికి పుట్టినప్పట్నుంచీ తెలుసు. దూలాల రంగే అదనుకున్నాడు.

“నా కట్టెలకి పొగ రాదే,” అన్నాడు, కళ్లు కారుతుండగా.

“రాదు,” అంది నికనోరా. ఆమె కళ్లూ కారుతున్నాయి. ఆమెకు అలవాటు గనక తుడుచుకోలేదు.

గంప సగం నిండింది. మకారియో ఆమె కూర్చున్న పీట వైపు చూస్తున్నాడు. దాని అంచు ఒక పక్క అరిగిపోయి ఉంది.

“మా అమ్మ కూర్చునేది కదా దీని మీద.”

“దీని మీదే.”

“చివర్లో ఆవిడ పడుకునేది కాదు.”

“పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకానుకునే నిద్రపోయేది. ఎక్కువ రోజులు నేనే పట్టుకు కూర్చున్నాను.”

ముసలితనం అనుకున్నాం అన్నాడు మకారియో. అవును, అనుకున్నాం అంది ఆమె. అప్పుడామెకు దగ్గు వచ్చింది. పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదిలింది. తన భార్య రోజంతా ఎందుకలా ఈల వేస్తున్నట్టు మూతి పెడుతోందని అతను చాలా రోజులుగా విసుక్కుంటున్నాడు. ఈసారి విసుక్కోలేదు.

“మరెందుకు చెప్పలేదే?”

“చెబితే నువ్వు ఏ మొహం పెట్టుకుని కొండకి పోతావు?”

కొండకు పోవడానికి మొహం మకారియోకు మిగిలింది. దాన్ని ఆమె తన మొహం ఇచ్చి మిగిల్చింది. ఊరంతా తన పెళ్లాన్ని చూసి సిగరెట్లు ఆర్పుతుంటే తలెత్తుకోలేక తిరిగిన మనిషి, కోళ్లగూట్లో చేయి పెట్టి పీకల కోసం వెతికిన మనిషి, అక్కడ గొంతుక్కూర్చుని రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి లేచి నీళ్లకుండ తెచ్చి పొయ్యిలో పోశాడు. బూడిద లేచి ఇద్దరి మీదా పడింది. పెనం మీదున్న రొట్టె ఒక పక్క కాలి, ఒక పక్క కాలకుండా ఉండిపోయింది.

పండగ రొట్టెల సంగతేమిటని నికనోరా అడిగింది. ఆమెకు ఆ మాత్రం అడిగే హక్కుంది, విందుకు ఆమె రొట్టెలే పెడతానన్న మేయరు గారి మాట పోయేది ఆమె వల్లే కదా. మకారియో గడ్డపార తెచ్చి వంటింటి గోడకు కిటికీ పెట్టడం మొదలుపెట్టాడు.

ఆదివారం ప్రమాణాల వరసలో మకారియో నిలబడ్డాడు. అందరూ కల్లు గురించే అనుకున్నారు, కల్లు దుకాణం యజమాని మొహం చిన్నబోయింది. ఫాదర్ ఎవరిస్తో అలవాటుగా, ఏం మానేస్తున్నావు మకారియో అని అడిగారు.

“కట్టెలు, ఫాదర్.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వాటిని నువ్వు తాగవు కదయ్యా అన్నారు ఫాదర్, మెల్లగా. మకారియో వెనక్కి తిరిగి వరస మొత్తాన్నీ, బల్లల మీద కూర్చున్నవాళ్లనూ చూశాడు. అతను గట్టిగా మాట్లాడే మనిషే. ఆ రోజు గట్టిగా మాట్లాడలేదు. అయినా చివరి బల్ల దాకా వినిపించింది.

“నా పెళ్లాం ఎప్పుడూ సిగరెట్టు కాల్చలేదు. నా కట్టెలు కాల్చింది. మీ రొట్టెలు కాల్చింది. మా ఇంట్లో ఇంక కట్టె రాజుకోదు ఫాదర్.”

ఎంతకాలానికి అని ఫాదర్ అడిగారు. ఆవిడ ఉన్నంతకాలం అన్నాడు మకారియో. మాత బొమ్మ వెనక అటువంటి గడువు రాయడం ఫాదర్‌కు అలవాటు లేదు. అయినా కలం తీసి అలాగే రాశారు. తనూ ఆ రొట్టె పొగ వాసనను ఎన్ని విందుల్లో మెచ్చుకున్నదీ ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. నికనోరా ప్రమాణం చెల్లదని, దాన్ని రద్దు చేస్తానని ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి చెప్పారు. ఉండనివ్వండి ఫాదర్, ఏడాది ఎలాగూ పూర్తి చేస్తాను అంది నికనోరా. మా ఊళ్లో గడువు తీరాక కూడా నిలబడబోయే మొదటి ప్రమాణం అదే అని ఆయనకూ తోచి, ఒప్పుకున్నారు.

ఆ వారంలోనే కింది పట్నం నుంచి గ్యాస్ పొయ్యి వచ్చింది. కొత్త కిటికీ పక్కనే దాన్ని ఎత్తుగా పెట్టారు. నిలబడి వండటం నికనోరాకు అలవాటు లేక మొదట్లో పరాయివాళ్లింట్లో వంట చేస్తున్నట్టు ఉండేది. మందు మిరపకాయల కుండలోంచి బయటికొచ్చి కిటికీ గట్టు మీదకు చేరింది. రాత్రిళ్లు కొంచెం ఒరిగి పడుకోగలుగుతోంది. పోయిన ఊపిరి మాత్రం రాలేదు. రాదని డాక్టరు ముందే చెప్పింది. ఆక్సిజన్ అవసరం ఎప్పుడు పడుతుందో చూద్దాం, ఈ గదిలో నిప్పు లేదు కనక అప్పుడు పెట్టుకోవడం సులువే అని కూడా చెప్పింది.

ఊరు సిగ్గుపడింది. సిగ్గుపడటం ఒక ఎత్తు, పొయ్యి ఆర్పడం ఒక ఎత్తు. వీధిలో మిగతా ఇళ్ల చూర్లలోంచి పొగ అలాగే లేస్తూ ఉంది. ఒబ్దూలియా మాత్రం ఒకనాడు పొద్దున్నే శాలువా తల మీదకు లాక్కుని, ఎవరూ చూడటం లేదనుకుని, ఆరోగ్య కేంద్రం మెట్లెక్కింది. దారిలో నాలుగు చోట్ల ఆగింది.

పండగ రోజు విందుకు రొట్టెలు పట్నంలోని యంత్రం దుకాణం నుంచి గోనెసంచుల్లో వచ్చాయి. అన్నీ ఒకే గుండ్రం, ఒకే మందం, ఒకే రుచి, అంటే రుచి లేకపోవడం. చర్చి ముంగిట పొడుగాటి బల్లల దగ్గర కూర్చుని అందరూ వాటిని తలెత్తకుండా తిన్నారు. మేయరు గారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. ఒక్క మాటా అనలేదు. ఎవరూ అనలేదు. మెచ్చుకున్నన్నాళ్లూ గట్టిగా మెచ్చుకున్నవాళ్లకు ఆ రోజు పెదవి విప్పే అర్హత లేదని వాళ్లకే తెలుసు.

నికనోరా మకారియో పక్కన కూర్చుని ఒక ముక్క తుంచి చిక్కుడు గింజల కూరలో ముంచి తిన్నది.

“అట్టముక్కలా ఉంది,” అంది.

ఎదురుగా ఉన్న ఒకరిద్దరికి నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. ఎవరి కంచం వైపు వాళ్లు చూసుకుంటున్నారు. మామూలుగా అయితే ఆమె లేచి ఏ గోడ వెనక్కో వెళ్లేది. ఈసారి లేవలేదు. శాలువా మడతలోంచి మందూ, ప్లాస్టిక్ డబ్బా తీసి, అందరి ఎదుటా జోడించి, నోటికి ఆనించుకుని పీల్చి, మందు లోపలికి దిగేదాకా ఊపిరి బిగబట్టింది.

తల దించుకోనివాడు ఆ బల్ల దగ్గర మకారియో ఒక్కడే. ఆమె వైపే చూస్తూ, తనకు తెలియకుండానే అతనూ ఊపిరి బిగబట్టాడు. పెదవులు సున్నాలా చుట్టి ఆమె మెల్లగా వదిలేసింది. ముక్క తుంచుకుని మళ్లీ తినడం మొదలుపెట్టింది. అతను వదలడానికి ఇంకాస్త సమయం పట్టింది.